బొంగరం నోరు

పిట్ట కొంచెం కూత ఘనం అంటారు. ఆ సామెత కట్టిన పెద్దలెవరో బొంగరాన్ని చూసి ఉంటే పిట్ట జోలికి పోయేవాళ్ళు కాదు, కుక్కనే ఎక్కించేవాళ్ళు. టెర్రియర్ జాతిలో పొట్టి రకం అది. మోకాలెత్తు కూడా ఉండదు. గరుకు వెంట్రుకలు, నిక్కబొడుచుకున్న చెవులు, పని మధ్యలో ఎవరో ఆపేసి వెళ్ళినట్టున్న కాళ్ళు, మొదలు దగ్గర లావుగా గట్టిగా ఉండే తోక. మొరిగిందంటే మాత్రం తలుపు అవతల నిలబడ్డవాడు, లోపల దూడంత కుక్క ఉందనుకుని రెండడుగులు వెనక్కి వేసేవాడు. తలుపు తీశాక నవ్వేవాడు. ఆ నవ్వు బొంగరానికి అస్సలు నచ్చేది కాదు.

దాన్ని ఇంటికి తెచ్చింది, ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుట్టే టైలరమ్మ భర్త. ఆయన పిండిమిల్లు గోదాములో కాపలా ఉండేవాడు. పిండి ఉన్నచోట ఎలుకలుంటాయి కాబట్టి గోదాముకు బొంగరం ఉండేది. మిల్లు మూతపడ్డ రోజు తక్కినవాళ్ళు కుర్చీలూ ఫ్యాన్లూ పట్టుకుపోతే, ఈయన చంకలో కుక్కను పెట్టుకుని ఇంటికొచ్చాడు.

"ఇల్లే అగ్గిపెట్టె. ఇందులో దీన్నెక్కడ పెడతారండీ?" అంది టైలరమ్మ.

"అదెంతుందే. నీ మిషను కింద పడుంటుంది."

పడి ఉండడం ఆ జాతికి పుట్టుకతోనే రాదని ఆయన చెప్పలేదు. పని లేకపోతే పని కల్పించుకునే రకం అది. మొదటి వారంలోనే ఇల్లు పీకి పందిరేసింది. సోఫాలో ఎలుక ఉందని ఎవరు చెప్పారో ఏమో, మూల నుంచి తవ్వడం మొదలుపెట్టి పీచు పైకి లాగింది. దారపు ఉండల్ని తరిమింది. కొలతల టేపు నేల మీద జారుతుంటే పట్టుకుని, అటూ ఇటూ విదిలించి మెడ విరిచానని మురిసిపోయింది. టేపుకు మెడ లేదన్న సంగతి దానికి చివరిదాకా తెలియలేదు.

టైలరమ్మ తిడుతూనే దాని మర్మాలన్నీ నేర్చుకుంది. అలాంటి మనిషి ఆవిడ, తిడితేగానీ పని సాగదు. పొట్టి కుక్క కదా అని మెడకు పట్టీ వేసి లాగకూడదు, గొంతు గొట్టం సున్నితం. అందుకని ఎవరిదో కోటుకు మిగిలిన లైనింగు గుడ్డతో ఛాతీ మీదుగా వచ్చే పట్టీ కుట్టింది. తిండి ఒక్కసారే గిన్నెనిండా పెడితే పనికిరాదు, కొంచెం కొంచెంగా పెట్టాలి. పళ్ళు తోమాలి. అన్నిటికంటే విచిత్రం దాని బొచ్చు. కత్తెర తగలకూడదట. కత్తిరిస్తే గరుకుతనం పోయి, దూదిలా మెత్తబడి, తడికీ ముళ్ళకీ ఆగదు. చచ్చిన వెంట్రుకల్ని చేత్తో, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి, పెరిగిన వైపుకే లాగి తీయాలి.

"పొద్దస్తమానం కత్తెర పట్టుకునే దాని చేతికి కత్తెర పనికిరాని కుక్కను అంటగట్టారు" అంది ఆవిడ. అని, వేళ్ళు జారకుండా బట్ట మీద గీతలు గీసే సుద్ద రాసుకుని పనిలో కూర్చుంది. బొంగరం ఆవిడ ఒళ్ళో కళ్ళు మూసుకుని పీకించుకునేది. ఆ రెండు చేతుల్లో తప్ప అది ఇంకెక్కడా అంత నిమ్మళంగా ఉండేది కాదు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు, గర్వంగానూ ఉండేది.

అన్నిటికీ ఓ దారి దొరికింది గానీ నోటికి దొరకలేదు. బెల్లు మోగితే మొరుగుడు, లిఫ్టు కదిలితే మొరుగుడు, మెట్ల మీద ఎవరైనా దగ్గితే దానికి జవాబు.

పై అంతస్తులో ఉండే ఆయన ఆ భవనం సంఘానికి కార్యదర్శి. చాటున అందరూ ఆయన్ని నిశ్శబ్దం గారు అనేవాళ్ళు. మెట్ల దగ్గర, లిఫ్టులో, చివరికి నీళ్ళ ట్యాంకు మీద కూడా 'నిశ్శబ్దం పాటించండి' అని అట్టలు వేలాడదీశాడు. నీళ్ళ ట్యాంకు ఏం గోల చేసిందో ఆయనకే తెలియాలి. అయితే ఆయన్ని ఆడిపోసుకోవడానికీ లేదు. ఆయన భార్యకు తలనొప్పి జబ్బు. అది వచ్చిందంటే పరదాలు దించుకుని, తడిగుడ్డ నుదుటి మీద వేసుకుని గోడవైపు తిరిగి పడుకునేది. పక్కింట్లో గిన్నె జారినా ఆవిడ తలలో సమ్మెట పడేది.

ఓరోజు ఆయన కిందికి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"గొడవకు రాలేదమ్మా. చూస్తున్నారుగా, ఆవిడ వారం నుంచి కళ్ళు తెరవలేదు. వచ్చే సమావేశంలో నేను నోరెత్తకపోయినా ఇంకొకరు ఎత్తుతారు. కుక్కనన్నా తీసేయమంటారు, మిమ్మల్నన్నా ఖాళీ చేయమంటారు. అంతదాకా తెచ్చుకోకండి."

"నాకు కొంచెం గడువివ్వండి అన్నయ్యగారూ. నేను నేర్పుతాను" అంది టైలరమ్మ.

ఆ మాట విని భర్త అన్నం ముందు కూర్చున్నవాడు తలెత్తాడు.

"దాని నోరు మూయిస్తావుటే? గోదాములో అది నేల కిందికి దూరిపోయేది. వెనక్కి రావడం తెలియని జాతి, ముందుకే పోతుంది. లోపల ఎక్కడుందో మనకెలా తెలుస్తుంది? మొరుగుతుంది. చెవి నేలకానించి, ఎక్కడ మొరిగితే అక్కడ తవ్వేవాళ్ళం. తోక దొరికితే మొదలు పట్టుకుని లాగేవాణ్ణి. ఆ నోరే దాని ప్రాణం."

"ఇక్కడ గోదాముందా? నేల కింద ఎలుకలున్నాయా? మూడో అంతస్తులో అది ఏ నేలలోకి దూరుతుందండీ? ఉన్న నీడ పోగొట్టుకుందామా, లేకపోతే దాన్ని ఎవరికైనా ఇచ్చేద్దామా, చెప్పండి."

ఆయన అన్నం కలుపుకున్నాడు.

కుక్క తోక వంకర తీయలేరంటారు గానీ, టైలరమ్మ ఓర్పు ముందు ఆ సామెత కూడా నిలవలేదు. కుట్టింది నచ్చకపోతే మొత్తం విప్పి మళ్ళీ కుట్టే మనిషి ఆవిడ. ఒక్క దెబ్బ వేయలేదు, గట్టిగా కసరలేదు. గుండుసూదుల డబ్బా కడిగి అందులో ఉడికించిన గుడ్డు ముక్కలు వేసుకుని, లంగాకు తానే కుట్టుకున్న జేబులో పెట్టుకుంది. బొంగరం నోరు తెరిచిందంటే వంగి, పెదాల మీద వేలు పెట్టి, "ఉష్" అనేది. అది ఊరుకుంటే కూర్చోబెట్టి, పడుకోబెట్టి, గడ్డం ముందుకాళ్ళ మీద ఆనించేలా చేసేది. అలా ఉన్నంతసేపూ ఏమీ ఇవ్వదు. చివర "చాలు" అంటుంది. ఆ మాట వినగానే బొంగరం లేచి, ఒక్కసారి చిన్నగా భౌ అని, గుడ్డు ముక్క అందుకునేది.

మొదట్లో ఆ "చాలు" రెప్పపాటులో వచ్చేది. తర్వాత ఒక కుట్టు పూర్తయ్యాక వచ్చేది. తర్వాత జేబు, కాలరు, చొక్కా. పెద్ద పరదా అంచు మొత్తం కుట్టడం అయ్యేదాకా అది మిషను కింద గడ్డం ఆనించి, కళ్ళు మాత్రం ఆవిడ ముఖం మీద పెట్టి ఉండిపోయేది. ఎంత ఆలస్యమైతే ముక్క అంత పెద్దది. ఆలస్యమైనా రాకపోవడం ఉండదు. ఆ రెండు సంగతులూ దానికి బాగా ఒంటబట్టాయి. కొన్నాళ్ళకు ఆవిడ అలికిడి వింటే చాలు, ఉష్ అనకముందే నోరు కట్టేసుకునేది.

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఊరికే అన్నారా" అని నిశ్శబ్దం గారు మెట్ల మీద ఎదురైనప్పుడల్లా మెచ్చుకునేవాడు. ఆయన భార్య ఒకసారి కిందికి దిగొచ్చి బొంగరం తల నిమిరి వెళ్ళింది. టైలరమ్మకు పట్టాలు లేవు గానీ ఆరోజు పట్టా పుచ్చుకున్నట్టే అనిపించింది.

బొచ్చు పీకే రోజు వచ్చింది. భర్త పనికి వెళ్ళాడు. ఇప్పుడాయన ఓ పెద్ద దుకాణం దగ్గర బండ్లు నిలిపేచోట చూసుకుంటున్నాడు. పొద్దున్నే ఎండ బాగుందని టైలరమ్మ కుక్కను తీసుకుని భవనం వెనక మెట్టు మీద కూర్చుంది. ఎదురుగా పాత రాతిగోడ, దాని పక్కన కొత్త పైపుల కోసం పొడుగునా తవ్విన కాలువ, తవ్వి పోసిన రాళ్ళూ మట్టీ. పీకిన చోట చర్మం పచ్చిగా ఉంటుంది, పట్టీ రాసుకుంటే మంట. అందుకని పట్టీ విప్పి పక్కన పెట్టింది. ఎప్పుడూ అంతే చేసేది.

రాళ్ళ కుప్ప మీద ఎలుక కనిపించింది. టైలరమ్మ దాన్ని చూసేలోపే ఒళ్ళో బరువు లేదు. బొంగరం మెట్లు దిగలేదు, ఎగిరింది. ఎలుక గోడ అడుగున ఉన్న కలుగులోకి జారిపోయింది, వెనకాలే బొంగరం. ఆ కన్నం దాని కొలతలు తీసుకుని కుట్టినట్టుంది. చెవులు వెనక్కి మడిచి, భుజాలు దూర్చి, తోక ఒక్కసారి ఆడించి లోపలికి పోయింది.

మరుక్షణం నేల కింద నుంచి అరుపు. నెలల తరబడి లోపల దాచుకున్నదంతా ఒక్కసారి విప్పినట్టు, గోడంతా మోగేలా మొరిగింది. దొరికింది, ఇక్కడుంది, రండి అన్న మొరుగుడు అది. గోదాములో భర్త విన్నది అదే. టైలరమ్మ ఎన్నడూ వినలేదు.

పైన కిటికీ రెక్క కిరకిరలాడింది. టైలరమ్మ ఆలోచించలేదు. అలవాటైన చెయ్యి లేచింది, అలవాటైన నడుం వంగింది. కలుగు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పెదాల మీద వేలు పెట్టి, "ఉష్" అంది.

అరుపు ఆగిపోయింది. భూమి లోపల కూడా నా మాట వింటోంది అని, నిజం చెప్పాలంటే, ఆవిడకు కొంచెం గర్వమే కలిగింది.

అప్పుడే రాళ్ళ కుప్ప జారింది. కింద ఏది ఏ ఎలుక తొలిచిందో, ఏది బొంగరం తవ్విందో, పక్కనున్న బరువంతా బుస్సుమని కలుగు మీదికి దిగింది. కన్నం ఉన్నచోట మట్టి.

"బొంగరం" అని పిలిచింది. "బొంగరం, రా. ఇటు రా నాన్నా." చేతులతో మట్టి లాగింది. లాగినంతా పైనుంచి మళ్ళీ జారింది.

ఫోను చేస్తే భర్త చొక్కా బొత్తాలు కూడా పెట్టుకోకుండా వచ్చాడు. వచ్చి నేల మీద పడుకుని చెవి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. లేచి ఇంకోచోట ఆనించాడు. గోడ పొడుగునా అలా పాకుతూ వెళ్ళాడు.

"మొరిగిందా?" అన్నాడు.

"మొరిగింది."

"మరి?"

"ఉష్ అన్నాను" అంది టైలరమ్మ.

ఆయన ఆవిడ ముఖం వంక చూశాడు. ఏమైనా అంటే బాగుండునని ఆవిడకు అనిపించింది. ఆయన చొక్కా విప్పి గునపం కోసం వెళ్ళాడు.

పైపుల పని చేసే ఇద్దరు మనుషులు పారలతో వచ్చారు. కాలువ తవ్వింది వాళ్ళే కాబట్టి వాళ్ళకూ గుండెలో రాయి పడింది. "ఎక్కడ తవ్వమంటావన్నా?" అని అడిగారు. గోడ అడుగున పాత మురుగు తూము ఉంది, దాని మీద బండలున్నాయి, ఎలుకల దారులు ఎటు తిరిగాయో ఎవరికీ తెలియదు. ఎక్కడపడితే అక్కడ గునపం వేస్తే లోపలున్న దాని మీదే కూలుతుంది.

"అది చెప్పాలి. అది చెబితే తప్ప మనకు తెలియదు" అన్నాడు భర్త.

అది చెప్పలేదు.

"అరవరా. అరువు నాన్నా, నా తల్లివి కదూ, ఒక్కసారి అరువు. ఎంతసేపైనా అరువు, ఎవరూ ఏమనరు" అని టైలరమ్మ మట్టికి నోరానించి బతిమాలింది. కిటికీలన్నీ తెరుచుకున్నాయి. ఆవిడ ఎవరినీ చూడలేదు. నాలుగు కాళ్ళ మీద వంగి మొరిగింది. చీటీ మీద కొలతలు రాసుకుని, కళ్ళజోడు సర్దుకుని, అందరితో మర్యాదగా మాట్లాడే మనిషి కుక్కలా భౌభౌమని అరిచింది. ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆగిపోయారు. రెండోసారి మొరిగేటప్పటికి గొంతు పగిలి ఏడుపయింది.

నిశ్శబ్దం గారు దిగొచ్చాడు. ఏం చేయాలో తెలియక కాసేపు చేతులు నలుపుకున్నాడు. తర్వాత ఓ ఇనపకడ్డీ తీసుకుని పైపు మీద టంగుటంగుమని కొట్టడం మొదలుపెట్టాడు, చప్పుడుకైనా అది జవాబిస్తుందేమోనని. కొట్టి, పైకి చూశాడు. ఆయన భార్య కిటికీలో నిలబడి ఉంది, ఒక చెయ్యి కణత మీద అదిమిపట్టి.

"కొట్టండి. ఇంకా గట్టిగా కొట్టండి, నాకేం కాదు" అంది ఆవిడ.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. ఆ భవనం పుట్టాక అంత చప్పుడు ఎన్నడూ చేసి ఉండదు. గిన్నెలు కొట్టారు, బెల్లులు మోగించారు, లిఫ్టు పైకీ కిందికీ తిప్పారు. మట్టి కిందినుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

మధ్యాహ్నం దాటాక టైలరమ్మ ఉన్నట్టుండి లేచి నిలబడింది.

"నేనుండబట్టే అరవడం లేదండీ" అంది. "నా గొంతు వింటోంది. నేనిక్కడున్నానని దానికి తెలుసు. నేనుంటే ఊరుకోవాలని కదా నేర్పాను. నేను పోతాను."

ఆవిడ మెట్లెక్కి ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. మిషను ముందు కూర్చోలేక, దాని కింద బొంగరం పడుకునే చాప మీద కూర్చుంది. చాపంతా గరుకు వెంట్రుకలు. తన పేరు, తన గొంతు, తన అడుగుల చప్పుడు ఇవన్నీ ఆ ప్రాణానికి విషమైపోయాయి కదా అనుకుంది. ఇంత ప్రేమగా ఎవరైనా ఎవరి గొంతైనా నొక్కుతారా. ఏ దేవుడికి మొక్కాలో తెలియక ఎలుకకే మొక్కింది, కరిచైనా సరే దాన్ని అరిపించమని.

పొద్దు వాలుతుండగా కింద నుంచి కేక వినపడింది. "పలికింది! ఇక్కడ, ఈ మూల! ఒక్కసారి పలికింది!"

టైలరమ్మ ఒక్కంగలో మెట్లు దిగింది. చెప్పులు టపటపలాడాయి. వెనక తలుపు దగ్గరికి వచ్చేసరికి భర్త నేల మీద చెవి ఆనించి ఉన్నాడు. ఆవిడ వైపు చెయ్యెత్తి, "రాకు" అన్నాడు. కసరలేదు, బతిమాలాడు. ఆవిడ అక్కడే ఆగిపోయింది. ఆయన ఇంకా విన్నాడు. అందరూ ఊపిరి బిగబట్టి విన్నారు.

ఆ తర్వాత మరి పలకలేదు.

పలికిన మూలలో తూము మీది బండ ఉంది. దాని చుట్టూ మట్టి కొంచెం కొంచెంగా తట్టలకెత్తాలి, గోడ వంగకుండా దుంగలు ఆనించాలి. ఆ పని తెల్లవార్లూ సాగింది. టైలరమ్మ చెప్పులు విప్పేసి, మెట్ల మలుపులో గోడకానుకుని, చీర చెంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది, ఏడుపు కూడా దానికి వినపడకూడదని.

ఎండ పైకొచ్చే వేళకు బండ లేచింది. "చూడకు" అన్నాడు భర్త. ఆవిడ చూసింది.

లోపల చిన్న గూడులాంటి చోటు ఉంది, తిరగడానికి సరిపోయేంత. మూలన మెడ విరిగిన ఎలుక. చేయాల్సిన పని చేసేసింది. తర్వాత దారి మూసుకుపోవడం చూసి వెనక్కి తిరిగింది కాబోలు, గోదాములోలాగ ఆయన చేయి పెడితే తోక దొరికేలా లేదు. మొహం కలుగు వైపుకు పెట్టుకుని ఉంది. సగం బొచ్చు పీకి సగం మిగిలిన ఒంటి మీద సుద్ద గుర్తులు అలాగే ఉన్నాయి. గాలి అందక పోయింది, దెబ్బ ఒక్కటి లేదు.

"నిద్రపోయినట్టే ఉంది పాపం" అన్నాడు పైపుల మనిషి.

అది నిద్ర కాదని టైలరమ్మకు తెలుసు. గడ్డం ముందుకాళ్ళ మీద ఆనించి ఉంది. తాను వంగి వేలు పెట్టిన వైపుకే చూస్తూ ఉంది. నిన్నటి నుంచి ఆ మట్టిలోకి ఎన్ని మాటలు పోసింది. నాన్నా అంది, తల్లీ అంది, అరువు అంది. అరువు అన్న మాట దానికెప్పుడు నేర్పింది గనక. దానికి తెలిసిన ఒక్క మాట, నోరు విప్పుకోవచ్చని చెప్పే మాట, ఒక్కసారి కూడా తన నోట రాలేదు. ఆ మాట పాతికసార్లు చెప్పినా ఎంతోసేపు పట్టేది కాదు. పరదా చాలా పొడుగుందనుకుని అది కాచుకుని ఉంది.

భర్త దాన్ని ఎత్తి తువ్వాలు మీద పడుకోబెట్టాడు. టైలరమ్మ పక్కన కూలబడి జేబులోంచి గుండుసూదుల డబ్బా తీసింది. గుడ్డు ముక్కలు ఎండి అట్టకట్టాయి. ఉన్నవన్నీ దాని మూతి ముందు పెట్టింది.

"చాలు" అంది. "చాలురా నాన్నా, ఇక చాలు."

పై అంతస్తులో కిటికీ తెరిచే ఉంది. భర్త వంగి బొంగరం చెవిలో మట్టి దులుపుతున్నాడు.